వెడల్పు తెర వెనుక అసలు లెక్క

2025 నవంబర్‌లో రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగిన సభలో రాజమౌళి తన 'వారణాసి' సినిమాను ఐమాక్స్ కోసం లార్జ్ ఫార్మాట్‌లో తీస్తున్నట్టు ప్రకటించారు. అప్పట్నుంచి గల్ఫ్‌లోని మన రూముల్లో కొత్త మాటలు వినబడుతున్నాయి. లార్జ్ ఫార్మాట్, అనమార్ఫిక్, స్కోప్, 1.43, 2.76... క్రికెట్ స్కోరు చెప్పినంత ధీమాగా చెప్పేస్తున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో హాలీవుడ్ సినిమా 'సిన్నర్స్' విడుదలైనప్పుడు దర్శకుడు ర్యాన్ కూగ్లర్ స్వయంగా ఒక వీడియోలో కూర్చుని, ఏ రకం థియేటర్లో చూస్తే తెర ఎంత కనబడుతుందో ప్రేక్షకులకు వివరించారు. దర్శకుడే తెర కొలతలు పాఠంలా చెప్పాల్సిన రోజులు వచ్చాయన్నమాట.

ఇదంతా సినిమావాళ్ల గొడవ, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ ఇది రెండు చోట్ల మన జేబుని తాకుతోంది. ఒకటి, వారానికి దొరికే ఒక్క సెలవు రోజున మనం కొనే టికెట్. రెండు, "అన్నా, అనమార్ఫిక్ లెన్సు కొనుక్కుంటా, పైసలు పంపు" అని ఊరి నుంచి వచ్చే ఫోన్. పెళ్లిళ్ల వీడియోలు, షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లు, బావమరుదులు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు. కెమెరా పని నాది కాదు. సివిల్ డిప్లొమా చదివి సైట్ మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ణి. కానీ ఇందులో ఉన్నది ముప్పాతిక వంతు కొలతల లెక్క. కొలతలైతే మన పనే కదా. ఆ కళ్లతోనే ఒకసారి చూద్దాం.

నొక్కడం, సాగదీయడం

అనమార్ఫిక్ లెన్సు చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, బొమ్మను రెండు పక్కల నుంచి నొక్కి సన్నగా చెయ్యడం. ఎత్తు మారదు, వెడల్పు మాత్రమే తగ్గుతుంది. తర్వాత థియేటర్లో ప్రొజెక్టర్‌కి అలాంటిదే ఇంకో లెన్సు తగిలించి, నొక్కిన బొమ్మను మళ్లీ పక్కలకు సాగదీస్తారు. తెర మీద మనుషులు మామూలుగా కనిపిస్తారు.

సైట్ మీద పని చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. రోడ్డు మీద 'స్టాప్', 'స్లో' అని రంగు వేసే స్టెన్సిల్ గుర్తు తెచ్చుకోండి. పక్కన నిలబడి చూస్తే అక్షరాలు పొడుగ్గా, సాగదీసినట్టు ఉంటాయి. బండిలో కూర్చుని దూరం నుంచి చూసే డ్రైవర్‌కి మాత్రం సరిగ్గా కనబడతాయి. రోడ్డు పనుల్లో ఎల్-సెక్షన్ డ్రాయింగూ అంతే. పొడవుకి 1:1000 స్కేలు పెడితే ఎత్తుకి 1:100 పెడతాం. కాగితం మీద చిన్న ఎత్తు కూడా కొండలా కనిపిస్తుంది. రెండు స్కేళ్లూ తెలిసినవాడు దాన్ని సరిగా చదువుకుంటాడు. అనమార్ఫిక్ కూడా రెండు స్కేళ్ల డ్రాయింగే.

రూములోనే పరీక్ష చెయ్యొచ్చు. నిలువు గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, వెనకాల ఆనించి పేపరు పెట్టి చూడండి. అక్షరాలు పక్కలకు సాగుతాయి, ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. గ్లాసు వంపు ఒకవైపే ఉంది కాబట్టి అలా జరుగుతుంది. అనమార్ఫిక్ లెన్సు లోపల కూడా ఇలా ఒకవైపే వంపు తిరిగిన గాజులు ఉంటాయి.

అప్పట్లో అవసరం ఎందుకొచ్చింది?

ఈ లెన్సును 1920ల్లో ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ క్రెటియన్ తయారుచేశారు. పాతికేళ్లకు పైగా సినిమావాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1950ల మొదట్లో అమెరికాలో ఇంటింటికీ టీవీ రావడంతో థియేటర్లు ఖాళీ అవడం మొదలైంది. ఇంట్లో దొరకనిది ఏదో చూపించాలి. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ ఆ లెన్సు హక్కులు కొని, సినిమాస్కోప్ అని పేరు పెట్టి, 1953లో 'ది రోబ్' విడుదల చేసింది.

ఇక్కడ తెలివంతా ఖర్చు తగ్గించడంలో ఉంది. కెమెరా మారలేదు. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మారలేదు. ప్రొజెక్టర్‌కి కొత్త లెన్సు తగిలించి, తెర వెడల్పు చేస్తే చాలు. పునాది కదపకుండా ఇంటికి పక్క గదులు వేసుకున్నట్టు.

లెక్క చూడండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద ఒక ఫ్రేము సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 18.6 మిల్లీమీటర్ల ఎత్తు. మామూలు లెన్సుతో తీసి 2.35 వెడల్పు తెర కావాలంటే, పైనా కిందా కోసేయాలి. మిగిలేది 9.4 మిల్లీమీటర్ల ఎత్తే. సగం ఫిల్మ్ వృథా. అంటే వాడకంలోకి వచ్చేది 206 చదరపు మిల్లీమీటర్లు. అదే రెండింతలు నొక్కే లెన్సుతో తీస్తే మొత్తం ఫ్రేము, 409 చదరపు మిల్లీమీటర్లు, వాడుకోవచ్చు. బొమ్మలో వివరం అంతకంత పెరిగినట్టే. డబ్బు పెట్టి కొన్న ఫిల్మ్‌లో అంగుళం కూడా వదలకుండా వాడుకోవడం కోసం పుట్టిన ఉపాయం ఇది.

మొదట్లో లోపాలూ ఉండేవి. ముఖానికి దగ్గరగా కెమెరా పెడితే నటుల బుగ్గలు ఉబ్బి కనిపించేవి. అమెరికాలో దానికి గవదబిళ్లల జబ్బు పేరే పెట్టారు. పానావిజన్ కంపెనీ ఆ లోపం తీర్చిన లెన్సులు తెచ్చి మార్కెట్ పట్టింది.

మన దగ్గరి సంగతి

మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్', 1959లో వచ్చింది. కెమెరామన్ వీకే మూర్తి పనిని ఈనాటికీ పొగుడుతారు. కానీ అప్పట్లో సినిమా ఆడలేదు. తమిళంలో తొలి సినిమాస్కోప్ 1973లో 'రాజరాజ చోళన్'. తెలుగులో 1974లో కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు', కెమెరా వీఎస్ఆర్ స్వామి. మన్యం కొండల్లో తీసిన ఆ సినిమాకి వెడల్పు తెర అవసరం నిజంగా ఉంది, అది ఎలా ఆడిందో మన పెద్దవాళ్లని అడగండి. 1986లో తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా 'సింహాసనం' కూడా కృష్ణ గారిదే. ఇప్పుడు 'వారణాసి' హీరో ఆయన కొడుకు మహేష్ బాబు. ఈ వరస యాదృచ్ఛికమైనా, ముచ్చటైన వరసే.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. 1957లో వచ్చిన 'మాయాబజార్' స్కోప్ కాదు, దాదాపు చదరంగా ఉండే తెర కోసం తీసింది. ఇప్పటికీ దానికి సాటి వెతుకుతున్నాం. వెడల్పుతో కథ నిలబడదు, వెడల్పు లేదని కథ పడిపోదు.

పెద్ద సెన్సర్ వచ్చాక లెక్క తిరగబడింది

ఇప్పుడు ఫిల్మ్ స్థానంలో డిజిటల్ సెన్సర్ వచ్చింది. అది కూడా పెద్దదైంది. ఆరి కంపెనీ 2014లో ప్రకటించిన అలెక్సా 65 సెన్సర్ వెడల్పు 54 మిల్లీమీటర్లు, ఎత్తు 25.6. 2018లో వచ్చిన అలెక్సా ఎల్‌ఎఫ్ వెడల్పు 36.7, ఎత్తు 25.5. లార్జ్ ఫార్మాట్ అని ఇప్పుడు వింటున్నది ఇలాంటి కెమెరాల గురించే.

ఎల్‌ఎఫ్ సెన్సర్ మీద మామూలు లెన్సు పెట్టి, 2.39 తెరకి పైనా కిందా కోసేశామనుకోండి. అయినా మిగిలేది 560 చదరపు మిల్లీమీటర్ల పైనే. పాత సినిమాస్కోప్ పూర్తి ఫ్రేము 409 అని ఇందాక చూశాం. అంటే నొక్కకుండా, కోసి పారేసినా పాతదానికంటే ఎక్కువ జాగా మిగులుతోంది. ఏ అవసరం కోసం అనమార్ఫిక్ పుట్టిందో ఆ అవసరం పెద్ద సెన్సర్‌తో తీరిపోయింది. థియేటర్లో కూడా ఇప్పుడు డిజిటల్ ప్రొజెక్టర్లే. బొమ్మ ముందే సాగదీసి, సిద్ధంగా వస్తుంది. సాగదీసే లెన్సు అక్కడ అక్కర్లేదు.

పైగా పాత లెన్సు కొత్త సెన్సర్‌కి సరిపోదు. రెండు కారణాలు. మొదటిది వెలుగు పడే వృత్తం. లెన్సు వెనకాల గుండ్రంగా వెలుగు పడుతుంది, సెన్సర్ మొత్తం ఆ గుండ్రం లోపల ఉండాలి. గొడుగు కింద మంచం వేసినట్టు. గొడుగు చిన్నదైతే మంచం మూలలు తడుస్తాయి, ఇక్కడ బొమ్మ మూలలు నల్లబడతాయి. పాత 35 మిల్లీమీటర్ల సైజు సెన్సర్‌కి మూల నుంచి మూలకు సుమారు 31 మిల్లీమీటర్లు చాలు. ఫుల్ ఫ్రేముకి 43, అలెక్సా 65కి దాదాపు 60 కావాలి. అంత వృత్తం వెయ్యాలంటే గాజు పెద్దది కావాలి, బరువు పెరుగుతుంది, ధర ఇంకా పెరుగుతుంది.

రెండోది నొక్కే నిష్పత్తి. ఫుల్ ఫ్రేము 36 బై 24, అంటే 1.5 నిష్పత్తి. రెండింతలు నొక్కే లెన్సు పెడితే తెర 3 అవుతుంది. అంత వెడల్పు ఎవరికీ అక్కర్లేదు, 2.39కి పక్కలు కోస్తే ఐదో వంతు పోతుంది. అందుకే పెద్ద సెన్సర్లకి తక్కువ నొక్కే లెన్సులు వచ్చాయి. కుక్ కంపెనీది 1.8 రెట్లు, సిరుయి వాళ్లది 1.6 రెట్లు, అట్లాస్ మెర్క్యురీ 1.5 రెట్లు. 1.5ని 1.6తో గుణిస్తే 2.4. కోసేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ సంగతి పాతవాళ్లకి ముందే తెలుసు. 1950ల్లోనే ఎంజీఎం, పానావిజన్ కలిసి 65 మిల్లీమీటర్ల పెద్ద ఫిల్మ్ కోసం 1.25 రెట్లు మాత్రమే నొక్కే లెన్సులు చేయించాయి. 1959 'బెన్‌హర్' వాటితోనే తీశారు. తెర నిష్పత్తి 2.76. 1966లో 'ఖార్టూమ్' తర్వాత అవి మూలన పడ్డాయి. దాదాపు 50 ఏళ్లకు, 2015లో టరాంటినో 'ది హేట్‌ఫుల్ ఎయిట్' కోసం వాటిని దుమ్ము దులిపి బయటికి తీశారు. 2016లో 'రోగ్ వన్' కోసం అవే లెన్సులను అలెక్సా 65 డిజిటల్ కెమెరాకి తగిలించారు. 2025లో 'సిన్నర్స్' ఆ 2.76 ఫార్మాట్‌నీ, ఐమాక్స్ ఫిల్మ్‌నీ కలిపి వాడింది.

మరి ఎందుకు వాడుతున్నారు?

అవసరం తీరిపోయింది, రుచి మిగిలింది. అదీ అసలు సమాధానం.

అనమార్ఫిక్‌తో తీస్తే వెనకాల మసకబడ్డ దీపాలు గుండ్రంగా కాక నిలబెట్టిన కోడిగుడ్ల ఆకారంలో కనిపిస్తాయి. కారు లైటు కెమెరా మీద పడితే అడ్డంగా పొడుగాటి వెలుగు గీత వస్తుంది. అంచుల్లో నిలువు గీతలు కాస్త వంగుతాయి. ఇంజినీరు భాషలో ఇవన్నీ లోపాలే. మన లెవలింగ్ మెషీన్‌లో ఇలా కనబడితే దాన్ని వెంటనే కాలిబ్రేషన్‌కి పంపిస్తాం. కానీ 70 ఏళ్లుగా పెద్ద సినిమాల్లో ఇవి చూసీ చూసీ కంటికి 'ఇది సినిమా' అనే గుర్తు పడిపోయింది. డిజిటల్ బొమ్మ మరీ నున్నగా ఉందని కెమెరామన్లు ఆ లోపాల్ని కోరి తెచ్చుకుంటున్నారు. పెద్ద సెన్సర్‌తో కలిస్తే మనిషి ముఖం స్పష్టంగా ఉండి వెనకభాగం ఇంకా మెత్తగా పోతుంది. ఆ కలయికకి అందం ఉంది, కాదనను. తాజ్‌మహల్ మీద చెక్కడం కూడా బరువు మొయ్యడానికి కాదు కదా.

అయితే వ్యాపారం కోణం కూడా ఉంది. 1953లో టీవీ వచ్చి జనం ఇంట్లో కూర్చుంటే తెర వెడల్పు చేశారు. ఇప్పుడు ఓటీటీ, ఫోన్ వచ్చి జనం మంచం దిగకపోతే ఫార్మాట్ పెంచుతున్నారు. జనం దూరమైనప్పుడల్లా తెర పెరుగుతోంది. ఈసారి తేడా ఏమిటంటే తెరతో పాటు టికెట్ కూడా పెరుగుతోంది. ఐమాక్స్ టికెట్ ధర మామూలు టికెట్ కంటే ఎక్కువ. మన రాష్ట్రాల్లో పెద్ద సినిమాలకి రేట్లు పెంచుకోమని ప్రభుత్వాలు జీవోలు ఇవ్వడం కొన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం.

టికెట్ కొనేముందు ఒక లెక్క

ఒకప్పుడు మన ఊరి థియేటర్లో స్కోప్ సినిమా అంటే తెర పక్కలున్న నల్ల గుడ్డలు ఇంకా పక్కకి జరిగేవి. ఎత్తు అంతే ఉండి వెడల్పు పెరిగేది. ఇప్పుడు చాలా మల్టీప్లెక్సుల్లో అలా లేదు. తెర గోడ నుంచి గోడ దాకా ముందే ఉంటుంది. స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి.

20 మీటర్ల వెడల్పు తెర అనుకుందాం. 1.85 నిష్పత్తి సినిమా అయితే ఎత్తు 10.8 మీటర్లు, విస్తీర్ణం 216 చదరపు మీటర్లు. 2.39 స్కోప్ అయితే ఎత్తు 8.4, విస్తీర్ణం 167. 2.76 అయితే 145 మాత్రమే. 'వెడల్పు సినిమా' అని పేరు పెద్ద, అదే గోడ మీద కనిపించే బొమ్మ మూడో వంతు చిన్న. ప్లాస్టరింగ్ బిల్లు అయితే ఇలా ఒప్పుకుంటామా?

ఐమాక్స్ దీనికి ఎదురు దారి. అది వెడల్పు కాదు, ఎత్తు అమ్ముతుంది. పూర్తి ఐమాక్స్ నిష్పత్తి 1.43. అదే 20 మీటర్లకి 14 మీటర్ల ఎత్తు, 280 చదరపు మీటర్లు. కానీ ఆ 1.43 తెరలు ప్రపంచం మొత్తంలో కొన్నే. మాల్స్‌లో ఉండే డిజిటల్ ఐమాక్స్ తెరలు ఎక్కువగా 1.90వి. కాబట్టి పోస్టర్ మీద 'ఐమాక్స్' అన్న మాట ఒక్కటే చూడొద్దు. ఆ సినిమా ఐమాక్స్ కోసం తీసిందా, లేక మామూలు స్కోప్ సినిమానే ఐమాక్స్ హాల్లో వేస్తున్నారా అని అడగండి. రెండోదైతే నల్ల పట్టీలకి కూడా డబ్బు కడుతున్నట్టే. సౌండు బాగుంటుంది, నిజమే. అది కావాలంటే వెళ్లండి, తెర కోసం అయితే ఆలోచించండి.

సౌదీలో ఉన్న మన సోదరులకి 2018 ఏప్రిల్ దాకా థియేటరే లేదు. ముప్పై అయిదేళ్ల నిషేధం తర్వాత రియాద్‌లో తొలి హాలు తెరిచారు. వాళ్లలో చాలామంది సినిమా అంటే ఫోన్‌లోనే చూశారు, ఇప్పటికీ క్యాంపుల్లో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే. తమాషా ఏమిటంటే ఇప్పటి పొడుగు ఫోన్ తెర నిష్పత్తి సుమారు 2.2. స్కోప్ సినిమా దానికి దాదాపు సరిపోతుంది. 1.43 ఐమాక్స్ బొమ్మ వేస్తే ఫోన్ వెడల్పులో మూడో వంతు ఖాళీ. థియేటర్లో చిన్నబోయే స్కోప్ మన చేతిలో నిండుగా ఉంటుంది.

లెన్సు కొనమని ఫోన్ వస్తే

ఇక రెండో విషయం. పానావిజన్ తన లెన్సుల్ని అమ్మదు, అద్దెకే ఇస్తుంది. అలెక్సా 65 కూడా అద్దెకే. కుక్ లాంటి కంపెనీల లెన్సు ఒక్కోటి పదుల వేల డాలర్లు. పెద్ద సినిమావాళ్లే కొనరు, షూటింగ్ అన్నాళ్లు అద్దె కట్టి వెనక్కి ఇస్తారు. మనం ఒక్క బిల్డింగ్ కోసం టవర్ క్రేన్ కొంటామా?

2020 నుంచి సిరుయి లాంటి చైనా కంపెనీలు కొన్ని వందల డాలర్లకే చిన్న అనమార్ఫిక్ లెన్సులు తెచ్చాయి. ఇది మంచి మార్పే. పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం కొంతైనా తగ్గింది, ఊళ్లో కుర్రాడు కూడా చేతిలో పట్టుకుని నేర్చుకోగలుగుతున్నాడు. తమ్ముడి ఉత్సాహం మీద నీళ్లు చల్లమని నేను చెప్పట్లేదు. పంపే ముందు నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాను.

మొదటిది, ఆ లెన్సు వృత్తం నీ కెమెరా సెన్సర్‌ని పూర్తిగా కప్పుతుందా? చవక లెన్సుల్లో చాలా వరకు చిన్న సెన్సర్ కోసం చేసినవే. రెండోది, ఎన్ని రెట్లు నొక్కుతుంది? 1.33 రెట్లే అయితే ఆ కోడిగుడ్డు దీపాలు పెద్దగా కనబడవు. మూడోది, ఎంత దగ్గర దాకా ఫోకస్ అవుతుంది? పెళ్లిలో తాళి, ఉంగరం దగ్గరగా తియ్యాలి. చాలా అనమార్ఫిక్ లెన్సులకి అది చేతకాదు. నాలుగోది ముఖ్యం. ఈ లెన్సు వల్ల పెళ్లివాళ్లు ఒక్క వెయ్యి రూపాయలైనా ఎక్కువ ఇస్తారా? వాళ్లకి కావలసింది అమ్మాయి ముఖం స్పష్టంగా, చుట్టాలందరూ కనబడేట్టు తీసిన వీడియో. వెలుగు గీతలు వాళ్లకి పట్టవు. లైట్లు, మంచి మైకు కొంటే అదే డబ్బు ప్రతి పనికీ ఉపయోగపడుతుంది. అనమార్ఫిక్ కావాల్సిన పని వచ్చిన రోజు అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఈ జవాబులు సరిగా చెప్తే పంపండి, వాడు పని తెలిసినవాడు. 'రాజమౌళి వాడుతున్నాడు' అన్నదొక్కటే జవాబైతే ఆగండి. రాజమౌళి నిర్మాత వేరు, వాడి నిర్మాత మనం. ఎండలో నిలబడి సంపాదించే నిర్మాతలం.

లెన్సు నొక్కేది బొమ్మని. సాగదీసినప్పుడు అది మళ్లీ మామూలుగా వస్తుంది. అప్పు నొక్కేది ఇంటిని. దాన్ని సాగదీసే లెన్సు ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు.